తెర తీసే లోపు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కొత్త కెమెరా కొన్నావనీ, స్నేహితుడి అక్క పెళ్లి వీడియో నువ్వే తీస్తానని మాటిచ్చావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా విద్య నీకు అబ్బిందని పొంగిపోయాను గాని, ముహూర్తం రాత్రి 2 గంటలకని విన్నాక నిద్ర పట్టలేదు.

బ్యాటరీలు, కార్డులు రెండేసి ఉంచుకో. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టరు వేగం 1/50 సెకను దగ్గర పెడితే దీపాలు మినుకుమనవు. ఎంత తక్కువ వెలుతురులో తీయగలదో చెప్పే, డబ్బా మీది లక్స్ అంకెను నమ్మకు.

ఇక ఫోకస్ సంగతి. మీ అమ్మ పెళ్లి వీడియో 2001లో నేనే తీశాను. నా మినీ డీవీ కెమెరా లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి చూసుకుని, బొమ్మ అంచులు బాగా తేటపడిన చోట ఆగేది. వెలుతురు తగ్గితే అంచులు మసకబారతాయనీ, చీకట్లో బొమ్మను వెలిగించడానికి గెయిన్, అంటే సెన్సార్ సంకేతపు బలం, పెంచితే వచ్చే చుక్కలు దాన్ని ఇంకా తికమక పెడతాయనీ తెలిసి కూడా ఆటో ఫోకస్‌లోనే వదిలేశాను. ముహూర్తానికి కాస్త ముందు కరెంటు పోయింది. జనరేటరు మీద రెండు ట్యూబులైట్లే వెలిగాయి. మీ నాన్న భుజం వెనక నిలబడి, గెయిన్ 18 డెసిబెల్స్‌కు, అంటే 8 రెట్లకు పెంచి, మీ అమ్మ ముఖం కోసం జూమ్ చేసుకున్నాను. అడ్డుతెర మీద కుంకుమతో వేసిన స్వస్తిక్‌కు ఫోకస్ అతుక్కుపోయింది. జీలకర్ర బెల్లం పెట్టారు, తెర తీశారు, మీ అమ్మ తలెత్తి మీ నాన్నను చూసింది. నా లెన్సు ఇంకా వెతుక్కుంటూనే ఉంది. ముఖం తేటపడేసరికి ఆమె మళ్లీ తల దించుకుంది. టేపు చూసి మీ అమ్మ ఒక్క మాటైనా అనలేదు. తిట్టినా బాగుండేది.

నీ కెమెరా సెన్సార్‌లోనే ఫేజ్ డిటెక్షన్ అనే ఫోకస్ పద్ధతి ఉందనీ, కన్నును పట్టేస్తుందనీ అంటావు. నిజమే, లెన్సు ఎటు జరగాలో దానికి ముందే తెలుస్తుంది గనుక ఊగులాట తక్కువ. కాని వెర్రినాయనా, తెర వెనక ఉన్న కన్నును అది ఎలా పడుతుంది? పెళ్లికూతురిని గంపలో తెచ్చేటప్పటికే తెర పట్టి ఉంటారు. కాబట్టి ముందుగానే ఆ చోట ఎవరినైనా కూర్చోబెట్టి, తీయదలిచిన ఫ్రేములోనే ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చుకో. ఫోటో లెన్సులు చాలావాటికి జూమ్ మారిస్తే ఫోకస్ తప్పుతుంది, అందుకని తెర తీసేదాకా జూమ్ ముట్టుకోకు, నిలబడ్డ చోటు నుంచి కదలకు.

బ్యాటరీతో వెలిగే ఎల్ఈడీ లైటు ఒకటి తప్పక ఉండాలి. పట్టుకునే మనిషి దొరక్కపోతే నాకు కబురు చెయ్యి, వస్తాను. కెమెరా జోలికి రాను.

మీ మామయ్య