ఇంగ్లండులోని లీడ్స్, యార్క్ వీధుల పేర్ల చివర ‘గేట్’ ఎందుకు? దారికి, ప్రయాణానికి ఇలాంటి పాత ఇంగ్లీషు మాటలు ఇంకేమున్నాయి?

ఈ ‘గేట్’ దెబ్బ నేనూ తిన్నాను. లీడ్స్‌కి చదువుకోడానికి వచ్చిన మొదటి వారం ఒక సీనియర్ ఫోన్ చేసి, “కర్క్‌గేట్‌కి వచ్చెయ్, అక్కడ కలుద్దాం” అన్నాడు. వానలో, గొడుగు లేకుండా, అరగంట సేపు గేటు కోసం వెతికాను. టెన్షన్ పడి మళ్ళీ ఫోన్ చేస్తే, “నువ్వు నిలబడ్డదే కర్క్‌గేట్ రా బాబూ” అన్నాడు.

అక్కడ గేట్ అంటే వీధి. 866లో డేన్లు, అంటే డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన వైకింగులు, యార్క్‌ని పట్టుకున్నాక ఆ చుట్టుపక్కల వాళ్ళ నార్స్ భాష బాగా పాతుకుపోయింది. ఆ భాషలో ‘గాతా’ అంటే దారి. కర్క్‌గేట్ అంటే చర్చి వీధి, బ్రిగ్గేట్ అంటే వంతెన వీధి, యార్క్‌లోని మికిల్‌గేట్ అంటే పెద్ద వీధి. స్వీడన్‌లో ఇవాళ్టికీ వీధిని గాతా అనే అంటారు. మనం తలుపులాగా తీసి మూసే గేటు వేరే మాట, అది ఇంగ్లీషు వాళ్ళ సొంతం. యార్క్ చుట్టూ ఉన్న పాత గోడ ద్వారాలనేమో ‘బార్’ అంటారు. ఇక్కడ వీధులు గేట్లు, గేట్లు బార్లు, బార్లు పబ్బులు అని అక్కడి గైడ్లందరూ ఒకటే జోకు వేస్తారు. ఇంటికొచ్చిన చుట్టాలను తిప్పుతూ నాలుగోసారి విన్నప్పుడు కూడా మర్యాద కోసం నవ్వాల్సి వచ్చింది.

డాక్టర్లు మనిషి నడక తీరుని ‘గెయిట్’ అంటారు చూడండి, అదీ ఈ గాతాయే. దారి పేరు మెల్లగా నడకకి వచ్చింది. ‘రోడ్’ అనే మాట దీనికి సరిగ్గా తిరగబడి నడిచింది. పాత ఇంగ్లీషులో ‘రాద్’ అంటే గుర్రపు స్వారీ, స్వారీ చేస్తూ వెళ్ళడం. నేల మీద పరిచిన దారికి ఆ పేరు లేదు. అప్పటి కవులు సముద్రాన్ని తిమింగలం స్వారీ చేసే చోటు అని వర్ణించడానికి ఇదే మాట వాడారు. గుర్రాలెక్కి గుంపుగా వెళ్ళి ఎవరి మీదైనా పడటం కూడా ‘రాద్’ అనే మాటే. ఆ మాటకి స్కాట్లండ్ యాసలో మిగిలిన రూపమే ‘రెయిడ్’. అంటే మన పేపర్లలో రోజూ కనిపించే ఐటీ రెయిడ్లూ, మనింటి ముందు రోడ్డూ అన్నదమ్ములు. 1611 ఇంగ్లీషు బైబిల్లో, సమూయేలు మొదటి గ్రంథం 27వ అధ్యాయంలో, ఆకీషు రాజు దావీదుని ‘ఇవాళ ఎక్కడ రోడ్ చేశారు?’ అని అడుగుతాడు. చిన్నప్పుడు అది చదివి దావీదు కంట్రాక్టు పనులు కూడా చేశాడేమో అనుకున్నాను. నిజానికి ‘ఎవరి మీద దాడికెళ్ళారు’ అని ఆ రాజు ప్రశ్న. ఈ మాటని దారి అనే అర్థంలో వాడటం ఆ కాలానికి ఇంకా కొత్తే, పదహారో శతాబ్దం చివర్లో మొదలైంది. అంతకుముందు ‘వే’, ‘హైవే’ అనేవాళ్ళు.

‘స్ట్రీట్’ మాత్రం రోమన్లు వదిలి వెళ్ళిన లాటిన్ మాట, రాళ్ళు పరిచిన బాట అని అర్థం. అందుకే స్ట్రాట్‌ఫర్డ్, స్ట్రెథమ్ లాంటి ఊరి పేరు కనిపిస్తే పక్కనే పాత రోమన్ బాట ఉండేదని అనుకోవచ్చు. ‘హెరెపాత్’ అని ఇంకోటుంది, సైన్యం నడిచే దారి. అది ఇప్పుడు పాత మ్యాపుల్లో, ఇంటిపేర్లలో తప్ప పెద్దగా వినపడదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘ఫేర్’. మనకది బస్సు ఛార్జీ. పాత ఇంగ్లీషులో ‘ఫారన్’ అంటే వెళ్ళడం, ప్రయాణం చేయడం. డబ్బు అనే అర్థం తర్వాత చేరింది. ‘ఫేర్‌వెల్’ అంటే బాగా వెళ్ళు అని. ‘వెళ్తా’ అంటే అపశకునమని ‘వెళ్ళొస్తా’ అనే మనకి ఇది కాస్త మోటుగా తోస్తుంది గానీ, పాపం వాళ్ళదీ దీవెనే. ఇక్కడ సందుల మొదట్లో ‘నో థరోఫేర్’ అని బోర్డులుంటాయి. దీని గుండా అవతలికి వెళ్ళలేరు అని దాని అర్థం. నేనది పార్కింగ్ ఫీజు సంగతేమో అనుకుని జేబు తడుముకున్నాను.

ఇంకోటి మన ఊళ్ళలోనే ఉంది. “ఎక్కడ దిగాలి?” “స్టేజి దగ్గర.” ఆ స్టేజికి నాటకాలతో పనిలేదు. ఇంగ్లండులో గుర్రపు కోచీలు తిరిగే రోజుల్లో పది, పదిహేను మైళ్ళకోసారి సత్రం దగ్గర ఆగి గుర్రాలను మార్చేవాళ్ళు. ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీ దాకా ఉన్న దూరం ఒక స్టేజి. అలా సాగేది కాబట్టి అది స్టేజ్ కోచ్. కోచీలు పోయినా మాట మాత్రం చట్టంలో ఉండిపోయింది. మన 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, దారి పొడవునా మనుషుల్ని ఎక్కించుకుంటూ, దించుకుంటూ ఎవరి టికెట్ వాళ్ళకిచ్చే బస్సు ‘స్టేజ్ క్యారేజి’. ప్రైవేటు ట్రావెల్స్ బస్సులు, బండి మొత్తాన్ని ఒక ఒప్పందం మీద మాట్లాడుకునే ‘కాంట్రాక్టు క్యారేజీ’ పర్మిట్ తీసుకుని స్టేజ్ క్యారేజీల్లా తిప్పుతున్నాయని వార్తల్లో వచ్చే గొడవ దీని గురించే.

మా మేనమామ కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పోయినసారి ఇంటికెళ్ళినప్పుడు ఈ గుర్రాల కథంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, “గుర్రాలు మార్చే చోట టీకి ఎంతసేపు ఆపేవాళ్ళు రా?” అని అడిగారు. టపా మోసే మెయిల్ కోచీలకైతే ఒకటి రెండు నిమిషాల్లో మార్చేసేవాళ్ళు మామయ్యా అన్నాను.

“అయితే మా బస్సే నయం” అన్నారు.