పెయ్య అని రాశాం, కోడెదూడ నిలబడింది
మీ ప్రశ్నలు – ఐర్లాండ్ దొడ్డి నుంచి జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మా దొడ్డి గురించి నాలుగు ముక్కలు రాశాను. మాది ఒంగోలు పక్క పల్లె. 2003లో నర్సుగా ఐర్లాండ్ వచ్చి, 2008లో రాస్‌కామన్ కౌంటీ రైతును పెళ్ళి చేసుకున్నాను. 24 ఆవులు, వాటి దూడలు, ఒక ఆబోతు మా ఆస్తి. ఆ నాలుగు ముక్కలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: ఆవుకి తలకింత అని ప్రభుత్వం డబ్బిస్తుందని రాశారు. పాలు పిండకుండా మేపే ఆవుకి డబ్బెందుకమ్మా? ఊరికే ఇస్తారా? – ఒక పాఠకురాలు, పొదిలి

ఊరికే ఎవరిస్తారు తల్లీ! ముందు ఆవు సంగతి చెప్తాను. ఇక్కడ రెండు రకాల దొడ్లున్నాయి. పాలడైరీ వాళ్ళవి వేరు. మావి సక్లర్ ఆవులు. చెంబుడు పాలు కూడా పిండం, పాలన్నీ దూడవే. ఎనిమిది తొమ్మిది నెలలు తల్లి దగ్గర తాగి, గడ్డి మేసి, మూడొందల కిలోల దాకా పెరిగిన దూడను మాంసానికి సంతలో అమ్ముతాం. ఏడాదంతా ఒక ఆవుని మేపితే చేతికొచ్చేది ఆ ఒక్క దూడ. మా పడమటి కౌంటీల్లో నేల తడి నేల, కమతాలు చిన్నవి, పంట పండదు. గడ్డే పంట. చాగస్క్ అనే ప్రభుత్వ వ్యవసాయ సంస్థ ఏటా లెక్కలు తీస్తుంది. ఇలాంటి దొడ్ల ఆదాయం పదివేల యూరోలు దాటని ఏళ్ళు చాలా ఉన్నాయి. సర్కారు డబ్బు తీసేస్తే నష్టమే మిగిలే ఏళ్ళూ ఉన్నాయి. నా ఆసుపత్రి జీతం లేకపోతే మా ఆయన ఎప్పుడో ఆవుల్ని అమ్మేసేవాడు. ఆ మాట ఆయనే అంటాడు.

ఇక డబ్బు సంగతి. 2023లో ఐదేళ్ళకి ఒక పథకం పెట్టారు. సక్లర్ కార్బన్ ఎఫిషియెన్సీ ప్రోగ్రామ్ అంటారు, మేం ముద్దుగా స్కెప్ అంటాం. మొదటి 22 ఆవుల దాకా తలకి సుమారు 150 యూరోలు, ఆపైన వాటికి 120. దానికి మేం చేయాల్సినవి: దూడల చెవి నుంచి చిన్న కండముక్క తీసి జన్యు పరీక్షకి పంపాలి. తల్లినీ దూడనీ పాలు మానకముందే తూచి, నవంబరు 1లోపు బరువులు పంపాలి. ఆవు ఈనడం ఎలా జరిగింది, దూడ గుణం ఎలాంటిది, తల్లికి పాలున్నాయా అని సర్వేలు నింపాలి. శిక్షణకి వెళ్ళాలి. బోర్డ్ బియా అనే ఐర్లాండ్ ఆహార మండలి వాళ్ళ నాణ్యతా పథకంలో సభ్యత్వం ఉండాలి, అంటే వాళ్ళ ఆడిట్ వేరు. ఇవన్నీ ఒక ఎత్తు, స్టార్లు ఒక ఎత్తు.

అవును, మా ఆవులకి హోటళ్ళకున్నట్టు స్టార్లుంటాయి. ఒకటి నుంచి ఐదు. పశువులన్నిటినీ వరసగా నిలబెడితే పైనున్న ఐదో వంతుకి ఐదు స్టార్లు, కిందనున్న ఐదో వంతుకి ఒకటి. సులువుగా ఈనుతుందా, ఏటేటా కడుతుందా, పాలెన్ని, సాధువేనా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మందలో ఇంత వంతు ఆవులకి నాలుగో ఐదో స్టార్లుండాలి, ఆబోతుకీ ఉండాలి అని షరతు. 2015లో వచ్చిన మొదటి స్టార్ల పథకం నాటినుంచీ ఇదే గొడవ. 2023 నవంబరులో లెక్క కట్టే పద్ధతి మార్చారు, పశువు వదిలే కర్బన వాయువుల లెక్కలు కూడా కలిపారు. ఊళ్ళకి ఊళ్ళు మండిపడ్డాయి. మా ఎర్రావు రాత్రి నాలుగు స్టార్లతో పడుకుని పొద్దున రెండు స్టార్లతో లేచింది. దానికేం తెలుసు, నెమరు వేసుకుంటూనే ఉంది. పథకంలో దాని చోటు పోలేదు, కానీ దాని పెయ్యని అమ్మబోతే కొనేవాడు సంతలో బోర్డు మీద స్టార్లే చూశాడు. ఏడాదికొక దూడ చొప్పున తొమ్మిది దూడల్ని ఇచ్చిన ఆవు అది. నా వరకు దానికి ఐదు.

తూకం మాత్రం మంచిదేనని నేనంటాను, మా ఆయన ఒప్పుకోడు. అద్దెకి తెచ్చిన తూకం యంత్రం మీద 780 కిలోల ఆవు పక్కన 240 కిలోల దూడ, 620 కిలోల ఆవు పక్కన 300 కిలోల దూడ తూగినప్పుడు, ఏ ఆవు మన గడ్డి తిని కూర్చుందో తెలిసిపోయింది. ఆ పెద్దావు అంటే ఆయనకి మహా గర్వం. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ప్రశ్న: తనిఖీ ఎలా ఉంటుంది? మా దగ్గరలాగా ముందే కబురొస్తుందా? – పశువైద్య విద్యార్థి, తిరుపతి

కబురొస్తుంది. కానీ పశువుల తనిఖీకి 48 గంటలకి మించి ముందు చెప్పరు. మాకు ఒక మార్చి నెలలో మంగళవారం సాయంత్రం ఫోనొచ్చింది, గురువారం పొద్దున్నే వస్తామని. మార్చి అంటే ఈనే కాలం బాబూ. మా ఆయన అంతకుముందు మూడు రాత్రులు నిద్రలేక, కోటు విప్పకుండా కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు.

వాళ్ళు చూసేది ఒకటే: కంప్యూటర్లో ఉన్న పశువూ, దొడ్లో ఉన్న పశువూ, చేతిలో ఉన్న ఆ పశువు గుర్తింపు కార్డూ – మూడూ ఒకటేనా? దూడ పుట్టిన 20 రోజుల్లో రెండు చెవులకీ ట్యాగులు పడాలి, 27 రోజుల్లోపు నమోదు కావాలి. ఆ ట్యాగు వేసేటప్పుడే తీసిన కండముక్క బివిడి అనే పశువుల వైరస్ జబ్బు పరీక్షకి వెళ్తుంది, 2013 నుంచి ప్రతి దూడకీ తప్పనిసరి. చనిపోయిన పశువుని పాతిపెట్టకూడదు, లారీ పిలిచి పంపాలి, ఆ రసీదు దాచాలి. ఏ మందు, ఏ రోజు, ఏ పశువుకి, మందు వేశాక మాంసానికి పంపాలంటే ఎన్ని రోజులు ఆగాలి, అంతా మందుల పుస్తకంలో ఉండాలి.

బుధవారమంతా చెవులు వెతికాం. ముళ్ళ కంచెల్లో తల దూర్చే అలవాటున్న రెండు ఆవులకి ఒక్కో ట్యాగు లేదు. అదే నంబరుతో కొత్తవి వెంటనే ఆర్డరు పెట్టి, ఆ ఆర్డరు కాగితం ఫైల్లో పెట్టాను. సంఖ్య లెక్కపెడితే కంప్యూటర్లో 60, దొడ్లో 61. గుండె జారింది. మూడుసార్లు లెక్కపెట్టాక తేలింది, పక్కవాళ్ళ పడుచు కోడె కంచె దూకి మా గడ్డి మేస్తోంది.

గురువారం వచ్చినాయన మర్యాదస్తుడు. బూట్లు మందునీళ్ళలో కడుక్కుని దొడ్లోకి అడుగుపెట్టాడు, టీ కూడా తాగాడు. పశువుల్ని ఒక్కొక్కటిగా ఇనుపబోనులోంచి పంపుతుంటే నంబరు చదివి టిక్కు పెడుతున్నాడు. నలభయ్యో దాని దగ్గర ఆగి, "ఇది పెయ్యని రాశారే?" అన్నాడు. వంగి చూశాం. కోడెదూడ! అనుమానం అక్కర్లేనంత కోడెదూడ. అర్ధరాత్రి వంటింటి బల్ల దగ్గర, నిద్రమత్తులో ఫోన్లో నమోదు చేసినప్పుడు మా ఆయన వేలు పక్క బొత్తం మీద పడింది. పదిరోజులు రోజూ దాని తల్లికి నేనే మేత వేశాను, నేనూ చూడలేదు. తనిఖీకి వచ్చినాయన రాసుకున్నాడు. కార్డు వెనక్కి పంపి దిద్దించుకోవాల్సి వచ్చింది. ఒక్క తప్పే కాబట్టి అంతటితో పోయింది. మా ఊళ్ళో డెబ్బై దాటిన ముసలాయన ఒకరు, ఇలాంటివే నాలుగైదు పోగై డబ్బులో కోత పడితే, ఆ శీతాకాలమే ఆవుల్ని అమ్మేశాడు. ఆయన పశువులు బాగున్నాయి. రాత బాగాలేదు.

ఆ తర్వాత నేను పెట్టిన పద్ధతి ఇది. ఈనే కొట్టం తలుపుకి ఒక నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్సిలు. పెన్ను వద్దు, చలికి గడ్డకడుతుంది. దూడ నేలమీద పడగానే తోక ఎత్తి చూసి, అక్కడే రాయాలి. మా నాయన పాలలెక్క గోడమీద సుద్దముక్కతో గీసేవాడు, అది గుర్తొచ్చి పెట్టాను. ఆదివారం పొద్దున ఆ పుస్తకం చూసి నేను కంప్యూటర్లోకి ఎక్కిస్తాను.

ఇంకొకటి, ఇప్పుడు మనిషి రాకపోయినా తనిఖీ ఉంటుంది. 2023 నుంచి సెంటినెల్ ఉపగ్రహాలు పొలాల్ని చూస్తూనే ఉంటాయి. మేం గడ్డి అని రాసిన చోట వాటికి ఇంకేదో కనబడితే ఫోన్‌కి కబురు వస్తుంది, అక్కడికెళ్ళి ఫోటో తీసి పంపాలి. పోయినేడు వానలో గమ్‌బూట్లేసుకుని గట్టుమీద నిలబడి తీశాను. పైనుంచి వాళ్ళకి నా గొడుగు కూడా కనబడి ఉంటుంది.

క్షయ పరీక్ష గురించి కూడా అడిగావు. ఏటా మంద మొత్తానికీ. మెడ మీద రెండు చోట్ల సూది, 72 గంటల తర్వాత డాక్టరు వచ్చి వాపు కొలుస్తారు. 1954 నుంచి ఈ దేశం క్షయతో పోరాడుతోంది, ఇంకా పోలేదు. బ్యాడ్జర్లు అనే బొరియల్లో ఉండే అడవి జంతువులు కూడా దాన్ని మోస్తాయి. ఒక్కటి తేలినా దాన్ని కబేళాకి పంపి, మంద అంతా కట్టడిలో పెడతారు. 60 రోజుల ఎడంతో రెండు పరీక్షలు శుభ్రంగా వస్తేనే విడుదల. ఆ మూడో రోజు డాక్టరు మెడ తడుముతున్నంతసేపూ మా ఆయన మాట్లాడడు. కాగితాల తనిఖీ దీనిముందు ఎంత!

ప్రశ్న: మేము డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. 15 ఎకరాలు కొని పది ఆవులు పెడితే పథకాల డబ్బుతో నడుస్తుందా? – భార్యాభర్తలు

నడవదు తమ్ముడూ. పది ఆవులకి ఏడాదికి 1500 యూరోలు, అదీ పథకంలో ముందునుంచీ ఆవుల లెక్క ఉన్నవాళ్ళకి. ఎకరం సగటున పదివేల యూరోల పైమాటే. ఒక్క ఆవుని పెట్టాలన్నా ముందు మందకి సర్కారిచ్చే హెర్డ్ నంబరు తీసుకోవాలి. ఆవులంటే ఇష్టముంటే వారాంతం మా దొడ్డికి రండి. ఫిబ్రవరిలో రండి, రాత్రి రెండింటికి. అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: మా గేదె చెవి ట్యాగు చిరిగి పడిపోయింది. బీమా ఉంది. ఏం చేయాలి? – రైతు, దర్శి

మీకు నేను చెప్పేదేముందనుకున్నాను గానీ, రోగం ఒకటే కాబట్టి చెప్తాను. మనవైపు వేసే ఆ పసుపు ట్యాగు మీద 12 అంకెలుంటాయి. గాలికుంటు టీకాలు, వైద్యం, అన్నీ ఆ నంబరు కిందే కంప్యూటర్లో ఎక్కుతాయి. బీమాకి ప్రాణం కూడా అదే. ట్యాగు లేకపోతే క్లెయిము లేదన్నది కంపెనీల మొదటి మాట. గేదె బాగున్న ఈరోజే కదలండి, రేపు దానికేమైనా అయితే ఎవరూ వినరు. బీమా వాళ్ళకి కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. పశువుల ఆసుపత్రిలో కొత్త ట్యాగు వేయించి, పాత నంబరు స్థానంలో ఇది వచ్చిందని వాళ్ళచేత ఎక్కించండి. కొత్త ట్యాగుతో గేదె మొహం, కొమ్ములు, ఒళ్ళంతా కనబడేలా ఫోటోలు తీసి, బీమా పత్రంలో కొత్త నంబరు పడిందాకా వదలొద్దు. చిరిగిన చెవికి పుండు ఉంటే ముందు దాన్ని మాననివ్వండి, ట్యాగు రెండో చెవికి వేయమనండి.

ప్రశ్న: ఒంగోలు ఆడపడుచు అయి, గోవుల్ని మాంసానికి అమ్మడానికి మనసెలా వచ్చింది? – పేరు రాయలేదు

అడుగుతారని తెలుసు. మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో "పాడి ఎలా ఉంది?" అంటుంది, అమ్మకం గురించి అడగదు. నేనూ చెప్పను. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది దూడల్ని తల్లుల నుంచి విడదీసినప్పుడు, మూడు రాత్రులు ఆవులు అరిచాయి. నేను దిండు చెవులమీద పెట్టుకుని ఏడ్చాను. మా అత్తగారు తలుపు తట్టి టీ ఇచ్చి, "నాలుగో రాత్రికి మానేస్తాయి" అని వెళ్ళిపోయింది. మానేశాయి. నేను ఆ మాంసం తినను, మా ఆయన తింటాడు. ఇంట్లో గిన్నెలు వేరు.

ఇప్పుడు దూడల్ని తల్లులకి కనబడేలా కంచె అవతల పెట్టి మెల్లగా మాన్పిస్తున్నాం, అరుపులు తగ్గాయి. అయినా ప్రతి అక్టోబరులో ఆ వారం నేను రాత్రి డ్యూటీలు అడిగి వేయించుకుంటాను.