టెక్ సందేహాలు: ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి తీరు ఒకటే. ప్రోగ్రామ్ ఆగలేదు, ఎర్రర్ చూపలేదు, జవాబు మాత్రం తేడా. కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టే రాశాను. పెద్దక్షరం అని చెప్పిన చోట తప్ప, టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాలే.

ప్రశ్న: ఆర్డర్ల టేబుల్‌లో 5,000 వరుసలున్నాయి. కస్టమర్ల టేబుల్‌తో పాండాస్‌లో (టేబుల్స్‌తో పనిచేసే పైథాన్ లైబ్రరీ) లెఫ్ట్ మెర్జ్, అంటే లెఫ్ట్ జాయిన్, చేస్తే 5,640 వచ్చాయి. మొత్తం అమ్మకం కూడా పెరిగిపోయింది. లెఫ్ట్ జాయిన్‌లో ఎడమవైపు వరుసలు అన్నే ఉండాలి కదా?

జవాబు: లెఫ్ట్ జాయిన్ ఇచ్చే హామీ ఒక్కటే: ఎడమవైపు ఏ వరుసా పోదు. పెరగదని ఎక్కడా లేదు. ఒక ఐడీ ఎడమ టేబుల్‌లో 4 సార్లు, కుడి టేబుల్‌లో 2 సార్లు ఉంటే ఫలితంలో 8 వరుసలు వస్తాయి. అంటే మీ కస్టమర్ల టేబుల్‌లో కొన్ని ఐడీలు రెండేసి సార్లు ఉన్నాయన్నమాట. అడ్రస్ మారినప్పుడు పాత వరుస తీసేయకుండా కొత్తది చేరిస్తే సాధారణంగా ఇలాగే అవుతుంది.

ముందు కస్టమర్ల టేబుల్‌లో ఐడీ కాలమ్ మీద డూప్లికేటెడ్ నడిపి, దాని సమ్ తీసుకోండి. సున్నా కాకపోతే దొంగ దొరికినట్టే. డూప్లికేటెడ్ మామూలుగా మొదటిదాన్ని వదిలేసి రెండోదాని నుంచే గుర్తు పెడుతుంది. జంటలన్నీ పక్కపక్కన చూడాలంటే కీప్ ఈక్వల్స్ ఫాల్స్ ఇచ్చి (ఎఫ్ పెద్దక్షరం), ఐడీ మీద సార్ట్ చేయండి.

ఇక్కడ చాలామంది వెంటనే ఐడీ మీద డ్రాప్_డూప్లికేట్స్ కొట్టేస్తారు. వరుసల లెక్క సరిపోతుంది, మనసూ కుదుటపడుతుంది. కానీ అది ఉంచేది మొదట కనిపించిన వరుసను, అంటే బహుశా పాత అడ్రస్‌ని. మార్చిన తేదీ ఉన్న కాలమ్ మీద ముందు సార్ట్ చేసి, సబ్‌సెట్‌లో ఐడీ, కీప్‌లో లాస్ట్ ఇస్తేనే తాజా వరుస నిలుస్తుంది. ఏ వరుస ఉండాలన్నది డేటా తెలిసినవాళ్లు చెప్పాల్సిన సంగతి, లైబ్రరీ చెప్పేది కాదు.

రెండో కారణం చాలామందికి తట్టదు: ఖాళీ ఐడీలు. డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌లో నల్‌కి (ఖాళీ విలువకి) నల్ జత కలవదు, పాండాస్ మెర్జ్‌లో కలుస్తుంది. ఆర్డర్లలో 40 వరుసలకు ఐడీ లేకుండా, కస్టమర్లలో 3 వరుసలకు ఐడీ లేకుండా ఉంటే అవి 120 వరుసలవుతాయి. వాటిలో ఒక్కటీ నిజం కాదు. మెర్జ్‌కి ముందు కస్టమర్ల టేబుల్‌లో ఖాళీ ఐడీలున్న వరుసల్ని డ్రాప్‌ఎన్‌ఏతో తీసేయండి.

ఇకమీదట మెర్జ్ రాసేటప్పుడు వేలిడేట్ అనే ఆర్గ్యుమెంట్‌కి మెనీ_టు_వన్ ఇవ్వడం అలవాటు చేసుకోండి. కుడివైపు ఐడీ రిపీటైతే లెక్క పెంచకుండా అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఇండికేటర్ ఈక్వల్స్ ట్రూ (టీ పెద్దక్షరం) కూడా ఇస్తే _మెర్జ్ అనే కొత్త కాలమ్ వస్తుంది. దాని మీద వేల్యూ_కౌంట్స్ నడిపితే జత దొరకని ఆర్డర్లు ఎన్నో లెఫ్ట్_ఓన్లీ దగ్గర కనిపిస్తాయి. ఆ అంకె అనుకున్నదానికన్నా ఎక్కువుంటే ఐడీల చివర స్పేస్‌లు ఉన్నాయేమో చూడండి. రెండు టేబుల్స్‌లోనూ స్ట్రిప్ చేసి మళ్లీ కలపండి.

ప్రశ్న: సీఎస్‌వీ ఫైల్‌లో 00457 అని ఉన్న కోడ్ పైథాన్‌లో 457 అయిపోతోంది. ఇంకో కాలమ్‌లో 101 కాస్తా 101.0 అవుతోంది.

జవాబు: రెండింటికీ మూలం ఒకటే: సీఎస్‌వీలో రకం అనేది ఉండదు, చదివేవాడు ఊహిస్తాడు. అన్నీ అంకెలే కనిపిస్తే రీడ్_సీఎస్‌వీ దాన్ని సంఖ్య అనుకుంటుంది, ముందున్న సున్నాలు పోతాయి. చదివాక సున్నాలు తిరిగి అతికించే బదులు, చదివేటప్పుడే డీటైప్‌లో ఆ కాలమ్‌కి ఎస్‌టీఆర్ ఇవ్వండి. కూడికలూ తీసివేతలూ చేయని అంకెలన్నీ, అంటే కోడ్‌లు, ఫోన్ నంబర్లు, ఐడీలు, టెక్స్ట్‌గానే ఉండాలి.

రెండోదానికి కారణం ఆ కాలమ్‌లో ఎక్కడో ఒక ఖాళీ గడి. మామూలు ఇంటీజర్ కాలమ్‌లో ఖాళీకి చోటు లేదు కాబట్టి పాండాస్ మొత్తాన్ని ఫ్లోట్ (దశాంశ సంఖ్య) చేసేస్తుంది. డీటైప్‌లో ఇంట్64 అని, ఐ పెద్దక్షరంగా రాసి కొటేషన్లలో ఇవ్వండి. పెద్ద ఐ ఉన్న రకం ఖాళీల్ని ఒప్పుకుంటుంది, చిన్న ఐ ఉన్నది ఒప్పుకోదు.

ఎక్సెల్ సంగతీ ఇక్కడే చెప్పాలి. అది సంఖ్యలో 15 అంకెల దాకానే నిలబెడుతుంది. 16 అంకెల నంబరున్న సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరిచి సేవ్ చేశారంటే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఇక తిరిగిరాదు. ఒరిజినల్ ఫైల్‌ని ఎక్సెల్‌లో చూడాల్సి వస్తే కాపీనే తెరవండి. ఈ ఊహల గొడవ చిన్నదేం కాదు: కొన్ని జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, 2020లో ఆ పేర్లు ఖరారు చేసే కమిటీ ఆ జన్యువుల పేర్లనే మార్చేసింది. దేశాల రెండక్షరాల కోడ్‌లు చదివేవారికి ఇంకోటి: నమీబియా కోడ్ ఎన్, ఏ. పాండాస్ దాన్ని ఖాళీ గడి అనుకుంటుంది. కీప్_డీఫాల్ట్_ఎన్‌ఏకి ఫాల్స్ ఇచ్చి, ఎన్‌ఏ_వేల్యూస్‌లో ఖాళీ స్ట్రింగ్ ఒక్కటే ఉంచితే సరి.

ప్రశ్న: తేదీలు రోజు/నెల/సంవత్సరం వరుసలో ఉన్నాయి. పాండాస్ టు_డేట్‌టైమ్‌తో మార్చుకున్నాక అన్నీ జనవరిలోనే పడ్డాయి!

జవాబు: ఫార్మాట్‌లో నెల చోట శాతం గుర్తు పక్కన పెద్ద ఎం పెట్టి ఉంటారు. పెద్ద ఎం అంటే నిమిషాలు. 25/04/2024లోని 04ని నిమిషాలుగా తీసుకుని, నెల చెప్పలేదు కాబట్టి జనవరి వేసుకుంటుంది. గంటల దగ్గర చూడండి, 00:04 అని కనిపిస్తుంది. రోజుకి చిన్న డీ, నెలకి చిన్న ఎం, నాలుగంకెల సంవత్సరానికి పెద్ద వై.

ఫార్మాట్ అసలు ఇవ్వకుండా వదిలేయడం ఇంకా ప్రమాదం. పాండాస్ 2.0కి ముందు ఒక్కో వరుసకీ విడిగా ఊహించేది: 25/04ని ఏప్రిల్‌గా, 03/04ని మార్చి 4గా, ఒకే కాలమ్‌లో. 2.0 నుంచి మొదటి విలువను చూసి ఒక ఫార్మాట్ అనుకుని, దానికి సరిపడనిది వస్తే ఎర్రర్ ఇస్తుంది. ఇది మేలే. అయితే ఫైల్‌లో రోజులన్నీ 12 లోపే ఉంటే ఎర్రర్ రాదు, నెలలూ రోజులూ తారుమారై కూర్చుంటాయి. ఎర్రర్స్‌కి కోయర్స్ ఇస్తే, కుదరని తేదీలు ఖాళీలవుతాయి. ఆ తర్వాత ఇజ్‌ఎన్‌ఏ, సమ్‌తో ఎన్ని ఖాళీలయ్యాయో లెక్కపెట్టకుండా ముందుకు వెళ్లకండి.

ప్రశ్న: 2.5ని రౌండ్ చేస్తే పైథాన్‌లో 2, ఎక్సెల్‌లో 3. 2.675ని రెండు దశాంశాలకు రౌండ్ చేస్తే పైథాన్ 2.67 అంటోంది. బగ్గా?

జవాబు: కాదు, పైగా ఇవి రెండు వేర్వేరు కారణాలు. పైథాన్ 3 సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గుతుంది: 2.5 కి 2, 3.5 కి 4. ఎప్పుడూ పైకే రౌండ్ చేస్తే పెద్ద లెక్కలో మొత్తం కొద్దికొద్దిగా పెరిగిపోతుందని ఈ పద్ధతి. ఎక్సెల్ బడిలో నేర్పినట్టు పైకి పోతుంది.

2.675 సంగతి వేరు. బైనరీలో ఆ సంఖ్య కచ్చితంగా ఇమడదు; లోపల ఉన్నది 2.67499999999999982 లాంటిది. సగానికి తక్కువ కాబట్టి కిందికే వెళ్తుంది. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 రావడమూ ఇందుకే. డబ్బు లెక్కలైతే డెసిమల్ మాడ్యూల్ వాడి, క్వాంటైజ్‌లో రౌండ్_హాఫ్_అప్ (అన్నీ పెద్దక్షరాలు) ఇవ్వండి. డెసిమల్‌లోకి (ఇక్కడ డీ పెద్దక్షరం) సంఖ్యను కొటేషన్లలో పంపాలి. కొటేషన్లు లేకుండా పంపితే ఆ 2.67499… మొత్తం దాంతోపాటే లోపలికి వస్తుంది, చేసిన పని వృథా. మామూలు లెక్కల్లో డెసిమల్ అక్కర్లేదు. రెండు ఫ్లోట్‌లు సమానమా అని చూడటానికి మ్యాథ్‌లోని ఇజ్‌క్లోజ్ చాలు.

ప్రశ్న: పైథాన్‌లో "తెలుగు" అనే మాట తిరగేస్తే మొదట్లో చుక్కల వలయం, తర్వాత "గులెత" అని వస్తోంది. పొడవు 6 అంటోంది.

జవాబు: మనకు మూడక్షరాలు, పైథాన్‌కి ఆరు కోడ్‌పాయింట్లు (యూనికోడ్‌లో విడివిడి నంబరున్న గుర్తులు): త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. వాటిని వెనకనుంచి పేర్చితే మొదటి కొమ్ముకి హల్లు దొరక్క వలయం కనిపిస్తుంది, ల తాలూకు కొమ్ము గకి, త తాలూకు ఎత్వం లకి అంటుకుంటాయి. రెజెక్స్ అనే మాడ్యూల్‌ని పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకోండి. పైథాన్‌తో వచ్చే ఆర్‌ఈ ఇందుకు పనికిరాదు. ఫైండాల్‌కి బ్యాక్‌స్లాష్, పెద్ద ఎక్స్ ఇస్తే అక్షరాల లిస్టు వస్తుంది. దాన్ని తిరగేసి జాయిన్ చేస్తే "గులుతె". క్ష లాంటి ఒత్తక్షరాలు ఒకటిగా వస్తాయా, విడిపోతాయా అన్నది లైబ్రరీ వెర్షన్‌ను బట్టి ఉంటుంది, ఒకసారి పరీక్షించుకోండి.

తెలుగు డేటా మీద గ్రూప్‌బై చేసేవారికి ఒక మాట. చివర పొల్లు ఉన్న పదాల వెనక కంటికి కనబడని, యూనికోడ్‌లో 200సీ అనే నంబరున్న క్యారెక్టర్ చేరుతుంటుంది. చూడటానికి ఒకేలా ఉన్న రెండు "బుక్"లు రెండు గ్రూపులవుతాయి. స్ట్రిప్ దాన్ని తీయదు, ఎందుకంటే అది స్పేస్ కాదు. ఆర్‌ఈపీఆర్‌తో ప్రింట్ చేస్తే బయటపడుతుంది. పోల్చడానికి వాడే కాలమ్‌లో మాత్రమే దాన్ని రీప్లేస్ చేయండి. చూపించే కాలమ్‌లో తీసేస్తే "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు పోయి ఒత్తు పడుతుంది.

ప్రశ్న: లిస్టులోని సరిసంఖ్యల్ని లూప్‌లో రిమూవ్ చేస్తే 2, 4, 6, 7లో 4 మిగిలిపోయింది.

జవాబు: 2 పోగానే 4 మొదటి స్థానానికి జరుగుతుంది, లూప్ మాత్రం రెండో స్థానానికి వెళ్లి 6ని చూస్తుంది. తిరుగుతున్న లిస్టులోంచి తీయకండి, ఉండాల్సినవాటితో కొత్త లిస్టు కట్టుకోండి. జావాస్క్రిప్ట్‌లో స్ప్లైస్‌తోనూ ఇదే అవుతుంది, అక్కడ ఫిల్టర్ వాడాలి.

ప్రశ్న: ఒక్క ఆర్డరూ ఇవ్వని కస్టమర్ల కోసం ఎస్‌క్యూఎల్‌లో నాట్ ఇన్ వాడాను. అలాంటివాళ్లు ఉన్నారని తెలుసు, అయినా ఫలితం ఖాళీ.

జవాబు: లోపలి క్వెరీ ఇచ్చే ఐడీల్లో ఒక్క నల్ ఉన్నా ఇంతే. ఆ నల్ విలువ ఏమిటో తెలియదు కాబట్టి ఏ కస్టమర్నీ "ఇందులో లేడు" అని తేల్చలేక, డేటాబేస్ అందర్నీ వదిలేస్తుంది. లోపలి క్వెరీకి ఇజ్ నాట్ నల్ షరతు పెట్టండి, లేదా నాట్ ఎగ్జిస్ట్స్‌కి మారండి. నేనైతే రెండోదే రాస్తాను: ఈరోజు నల్ లేని కాలమ్‌లోకి రేపు ఒకటి వచ్చినా ఆ క్వెరీ ముట్టుకోనక్కర్లేదు.