బండెక్కితే మావారు వేరే మనిషైపోతారు

ప్రశ్న: మాది విశాఖపట్నంలో మధురవాడ. నేనూ మావారూ రోజూ ఒకే బండి మీద గాజువాకలో ఆఫీసులకి వెళ్తాం. ఇంట్లో చాలా మంచి మనిషి, బండెక్కితే మాత్రం లారీల మధ్యలోంచి దూరిపోతారు. నెమ్మదిగా వెళ్లమంటే "ఏటి, నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా" అంటారు. అత్తగారేమో నాదే చాదస్తం అంటారు. ఆదివారాలు ఆరేళ్ల బాబుని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బీచ్ రోడ్డుకి తీసుకెళ్తారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇదేమైనా జబ్బా?

జవాబు: జబ్బేం కాదండీ. హనుమంతవాక, ఎన్‌ఏడీ జంక్షన్లు దాటుకుని షీలానగర్ దాకా పోర్టు ట్రైలర్ల పక్కన వెనక సీట్లో కూర్చుని రోజూ వెళ్లే మనిషికి భయం వేయకపోతేనే నేను కంగారు పడతాను.

ముందు ఆ "నమ్మకం" ప్రశ్నకి జవాబు చెప్పడం మానేయండి. అందులోకి దిగారంటే గొడవ రోడ్డు వదిలేసి మొగుడూపెళ్లాల మీదకి పోతుంది. ఆయన బాగానే నడుపుతారనుకుందాం. లారీ డ్రైవరు అంత ఎత్తున కుడివైపు కూర్చుంటాడు, ఎడమ చక్రం పక్కన దూరిన బండి అతనికి చాలాసార్లు కనిపించనే కనిపించదు, అక్కడ ఈయన చెయ్యి ఎంత తిరిగినదైతే ఏం లాభం? 60 స్పీడులో ఉన్న బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది, మనిషి తేరుకుని బ్రేకు నొక్కేలోపే. స్పీడు రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది.

కాలేజీ రోజుల్లో నేనూ ఈ బాపతే. పోలీసు ఆపితేనో పడి దెబ్బ తగిలితేనో మారలేదు. ఒకరోజు రుషికొండ నుంచి వచ్చాక మా చెల్లి బండి దిగి, మెడకి చుట్టుకున్న చున్నీ ముడి విప్పుకోలేక నిలబడిపోయింది, వేళ్లు అంతలా వణుకుతున్నాయి. ఒక్క మాటా అనలేదు. అందుకే చెప్తున్నా, నడుస్తున్న బండి మీద భుజం గుంజి అరవకండి, అది ఇంకా ప్రమాదం. ఏ ఆదివారం పొద్దున్నో టిఫిన్ అయ్యాక కూర్చోబెట్టి, "నువ్వు ర్యాష్" అనకుండా, జరిగింది జరిగినట్టు చెప్పండి: మొన్న ట్రైలర్ పక్కన దూరినప్పుడు నా మోకాలికీ దాని చక్రానికీ జానెడే ఉంది, అని. ఇంట్లోంచి ఆలస్యంగా బయల్దేరడమే ఈ తొందరకి కారణమా అనేది కూడా అప్పుడే అడగండి. అదే అయితే ఇరవై నిమిషాలు ముందు లేస్తే పోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకు? తాగి నడిపే అలవాటుంటే మాత్రం మాటల్లేవు, తాళాలు తీసి దాచేయండి.

బాబు విషయంలో బేరాల్లేవు. నాలుగేళ్లు దాటిన పిల్లలకి హెల్మెట్ ఉండాలని చట్టమే చెప్తోంది. ట్యాంకు మీద కూర్చోబెట్టడం అసలే వద్దు, గట్టిగా బ్రేకు పడితే వాడు ముందుకి ఎగిరిపోతాడు. వాడి తలకి సరిపోయే హెల్మెట్ ఈ వారమే కొనండి. అత్తగారితో వాదన పెట్టుకోకండి, ఆవిణ్ణి ఒక్కసారి ఆ బండి వెనక సింహాచలం పంపిస్తే సరిపోతుంది అనాలనిపిస్తోంది గానీ వద్దులెండి, పెద్దావిడ.

చెప్పినా వినకపోతే, ఇకమీదట లారీల మధ్య దూరితే పక్కకి ఆపించి దిగిపోతానని ముందే నెమ్మదిగా చెప్పండి. అన్నాక నిజంగానే దిగి బస్సెక్కండి. ఆ సాయంత్రం ఆయన అలిగితే అలగనివ్వండి.