కాలేయం జబ్బుల మీద రాస్తున్న తమ్ముడికి

కర్నూలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ "కాలేయం శరీరంలోకెల్లా పెద్ద గ్రంథి" అని మొదలుపెట్టావు. అది పరీక్షలో రాసే జవాబు. మన పాఠకుడికి అవయవం పేరు తెలియకపోవచ్చు, నొప్పి ఎక్కడుందో మాత్రం తెలుసు. అక్కడి నుంచే మొదలుపెట్టు.

పిత్తాశయంలో, అంటే కాలేయం కింద పైత్యరసం నిల్వ ఉండే సంచిలో, రాళ్ల సంగతే తీసుకో. మన పాఠకుడొకడు పొద్దున ఉగ్గాని, దాంతో పాటు నాలుగు మిరపకాయ బజ్జీలు తింటాడు. కాసేపటికి కుడి పక్కటెముకల కింద నొప్పి పట్టుకుంటుంది. వీపులోకి, కుడి భుజం దాకా పాకుతుంది. గంటో రెండు గంటలో ఉండి వదిలేస్తుంది. గ్యాస్ అనుకుని సోడా తాగుతాడు, మెడికల్ షాపులో మాత్ర అడుగుతాడు. నూనె వస్తువు తిన్నప్పుడు పిత్తాశయం ముడుచుకుంటుందని, లోపల రాయి ఉంటే దారికి అడ్డుపడుతుందని అక్కడే చెప్పెయ్. కడుపు స్కానింగ్‌లో చాలావరకు బయటపడుతుందని కూడా. అయితే ఏ బాధా పెట్టని రాళ్లకు చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. ఈ మాట వదిలేస్తే జనాన్ని ఊరికే భయపెట్టినవాడివవుతావు.

మన సీమలో రాళ్లంటే మందు ఉలవకట్టు, అరటి దూట రసం. కిడ్నీలో రాయికైతే నీళ్లు బాగా తాగమని డాక్టర్లే చెబుతారు. పిత్తాశయం మూత్రం దారిలో లేదు, ఎన్ని నీళ్లు తాగినా ఆ రాయి అటు రాదు. దీనికో పేరా ఇవ్వు.

ఇక కామెర్లు. నువ్వు పసరు మందు వాళ్లను మూఢులన్నావు. ఆ వాక్యం కొట్టెయ్. కలుషితమైన నీళ్లతో వచ్చే హెపటైటిస్-ఎ (ఒక రకం కాలేయం వాపు) చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఆ వారాల్లోనే పసరు తాగి, ఉప్పూ నూనే లేని పథ్యం చేసి తగ్గినవాళ్లు దాన్ని నమ్మకుండా ఎలా ఉంటారు? వాళ్ల అనుభవం అబద్ధం కాదని ఒప్పుకుని, తర్వాత అసలు సంగతి చెప్పు. పైత్యరసం గొట్టంలో రాయో గడ్డో అడ్డుపడి కామెర్లు వస్తే ఏ పసరూ పనిచేయదు, పథ్యంలో గడిచిన నెలంతా నష్టమే. మూత్రం ముదురు రంగులో, మలం సుద్దలా తెల్లగా, ఒళ్లంతా దురద ఉంటే అడ్డు ఉందేమోనని అనుమానించాలి. కామెర్లతో పాటు చలిజ్వరం వచ్చినా, మనిషి మగతగా, తికమకగా మాట్లాడినా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. గర్భిణికి కామెర్లు వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు, హెపటైటిస్-ఇ వాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. కంటి తెల్లగుడ్డును పగటి వెలుతురులో చూడమని రాయి. రాత్రి లైటు కింద పసుపు సరిగ్గా తెలియదు.

హెపటైటిస్-బి దగ్గర నీ సమాచారం సరిగ్గానే ఉంది. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు టీకా వేయించాలన్నది మొదటి వరుసలోకి తీసుకురా. ఒకే కంచంలో తింటే అంటదని కూడా చెప్పు. ఆ భయంతో ఇంటి కోడలికి వేరే గ్లాసు పెట్టినవాళ్లున్నారు.

క్లోమం (ప్యాంక్రియాస్, జీర్ణరసం తయారుచేసే గ్రంథి) భాగం మాత్రం మళ్లీ రాయాలి. పైత్యరసం గొట్టం, క్లోమం గొట్టం చివర్లో కలిసి చిన్నపేగులోకి తెరుచుకుంటాయి. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద సేద్యం చేసేవాడికి తూము దగ్గర అడ్డుపడితే పైన ఏమవుతుందో వేరే చెప్పాలా? పిత్తాశయంలో పుట్టిన రాయి జారి క్లోమాన్ని వాచేలా చేసేది అక్కడే. పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, ఆగని వాంతులు, ముందుకు వంగితే కాస్త ఊరట. ఇవి ఉంటే ఇంట్లో ఉండకూడదు.

క్లోమం వాపుకు మరో పెద్ద కారణం మద్యం. అక్కడ నువ్వు "తాగుబోతులు" అన్నావు. ఆ మాట చదివిన భార్య డాక్టరు దగ్గర భర్త తాగుడు దాచిపెడుతుంది, వైద్యం దారి తప్పుతుంది. ఏళ్లతరబడి రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలని తప్పకుండా రాయి. తాగనివాళ్లకూ ఫ్యాటీ లివర్ (కాలేయానికి కొవ్వు పట్టడం) వస్తుందని అదే పేరాలో చేరిస్తే ఆ ఇంటివాళ్లకు తలవంపులు కాస్త తగ్గుతాయి.

మందుల పేర్లన్నీ తీసెయ్. తిరగరాశాక మన మెడికల్ కాలేజీలో గ్యాస్ట్రో (జీర్ణకోశ వ్యాధుల) డాక్టరు ఎవరికైనా చూపించి, ఆ తర్వాతే అచ్చుకివ్వు. ముందు క్లోమం భాగం నాకు పంపు.