టెక్ సందేహాలు: అప్‌డేట్ కొట్టగానే బేస్ మాయం

స్పీకర్ల మీద ఒకే కంప్లైంట్ తిరిగి తిరిగి వస్తోంది, ఒక్కొక్కరికి విడిగా రిప్లై ఇవ్వడం నా వల్ల కాదు, అందుకే ఈ వారం మొత్తం స్పీకర్లకే. ఫోన్ హ్యాంగ్ అవుతోందన్న వాళ్లు వచ్చే వారం దాకా ఆగండి.

బెంగళూరు మారతహళ్లి పీజీ నుంచి ఒకరు: "బ్లూటూత్ స్పీకర్ కొన్న కొత్తలో బేస్ అదిరిపోయేది. యాప్ అడిగిందని అప్‌డేట్ చేశా, ఇప్పుడు సౌండ్ పెంచితే బేస్ ఉండట్లేదు. స్పీకర్ పోయిందా?"

పోలేదండీ. పోతే గరగరమంటుంది, లేదంటే అసలు పలకదు. మీ స్పీకర్‌లో బేస్ సగం సాఫ్ట్‌వేరే, అదీ సంగతి. హెర్ట్జ్ తగ్గేకొద్దీ బేస్ లోతు పెరుగుతుంది. 100 హెర్ట్జ్ దగ్గర వచ్చినంత సౌండే 50 హెర్ట్జ్ దగ్గరా రావాలంటే కోన్ (ముందుకీ వెనక్కీ ఊగి గాలిని నెట్టే గరాటు లాంటి పలక) నాలుగింతలు ఎక్కువ ఊగాలి, రెండంగుళాల కోన్‌కి అంత ఊగే చోటు ఎక్కడుంది? పక్కన పెట్టే ప్యాసివ్ రేడియేటర్, అంటే కరెంట్ లేకుండా లోపలి గాలితోనే ఊగే రెండో పలక, కొంత సాయం చేస్తుంది కానీ అదీ కొంతవరకే. అందుకని లోపలి చిప్ తక్కువ వాల్యూమ్‌లో బేస్‌ని ఎత్తి పెడుతుంది, మీరు వాల్యూమ్ పెంచేకొద్దీ మీకు చెప్పకుండా దించేస్తుంది, దించకపోతే కోన్‌ని ఊపే తీగచుట్ట, అదే కాయిల్, వెళ్లి వెనక ప్లేట్‌కి కొట్టుకుంటుంది. అప్‌డేట్‌లో ఆ దించే హద్దుని ఇంకాస్త కిందకి జరిపి ఉంటారు. వారంటీలో వాపసు వచ్చే పీసులు ఎక్కువై ఉంటాయని నా అనుమానం. షోరూంలో ఒక ట్యూనింగ్ వినిపించి అమ్మి, ఇంటికొచ్చాక ఇంకో ట్యూనింగ్ ఎక్కించి, నోట్స్‌లో "బగ్ ఫిక్సెస్" అని రాసి ఊరుకోవడం మాత్రం నాకు ఒళ్లు మండే విషయం. పాత వెర్షన్‌కి వెనక్కెళ్లే దారి కూడా చాలా వాటిలో ఉండదు. యాప్‌లో ఆటో అప్‌డేట్ ఉంటే... దాని సంగతి కింద చెప్తా, అది అంత సింపుల్ కాదు.

నిజానికి ఇందులో కొత్త రహస్యం ఏమీ లేదు. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ పవర్‌కే ఎక్కువ సౌండ్, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయని హాఫ్‌మన్ సూత్రం ఎప్పటినుంచో చెప్తోంది. ఏ డ్రైవర్‌కి (కోన్, కాయిల్ కలిసిన అసలు స్పీకర్ భాగానికి) ఎంత పెట్టె కావాలో లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ అనే ఇంజినీర్ 1961లో పేపర్‌గా రాశాడు, 1970ల్లో రిచర్డ్ స్మాల్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు, ఇప్పటికీ డిజైనర్లు ఆ లెక్కలతోనే మొదలుపెడతారు. ప్రాసెసింగ్ ఎంత పెరిగినా గాలిని నెట్టాల్సింది కోనే.

బీటీఎం నుంచి ఇంకొకరు, డబ్బా మీద 1000 వాట్స్ అని ఉంది నమ్మొచ్చా అని. అడాప్టర్ వెనక చదవండి. 12 వోల్టులు, 3 ఆంపులు అని ఉంటే అది ఇచ్చేదే 36 వాట్లు, మిగతా 964 ఎక్కడినుంచి వస్తాయి? పీఎంపీఓ (క్షణం పాటు రాగలదని ఊహించి రాసే నంబర్) అని కనపడితే దాన్ని పట్టించుకోకండి, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల అసలు పవర్) చూడండి. అసలు వాట్ల కన్నా సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత సౌండ్ వస్తుందన్నది) ముఖ్యం, 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్‌కి అదే సౌండ్‌కి సగం పవర్ చాలు. మామూలు ఇంటి స్పీకర్‌లో సౌండ్‌గా మారేది 1 శాతం అటూఇటూ, మిగతాదంతా కాయిల్‌లో వేడే.

ఎస్పీ రోడ్డులో అంగుళం మందం ఫోమ్ కొని గోడలన్నిటికీ అంటించినాయన, ఇంకా పక్కింటివాళ్లు తలుపు కొడుతున్నారని బాధపడ్డారు. 40 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు సార్, అంగుళం ఫోమ్ దాని ముందు దోమతెర లాంటిది. మీరు మింగించింది ట్రెబుల్‌ని (సన్నటి సౌండ్‌ని) మాత్రమే, అందుకే రూమ్‌లో ఇప్పుడు బేస్ ఒక్కటే ఇంకా గుమ్మని మోగుతుంది. 12 అడుగుల గది అయితే 47 హెర్ట్జ్ దగ్గర బేస్ గోడల మధ్యే ఇరుక్కుని ఉబ్బుతుంది. సబ్ వూఫర్‌ని (బేస్ కోసమే ఉండే పెట్టెని) మూల నుంచి బయటికి లాగండి, లెవెల్ తగ్గించండి. నిప్పంటుకుంటే ఆ చవక ఫోమ్ ఎంత త్వరగా మండుతుందో కూడా ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెట్టిన ప్రశ్న. వైట్‌ఫీల్డ్ నుంచి ఒకావిడ: సౌండ్‌బార్ యాప్ లొకేషన్, కాంటాక్ట్స్ రెండూ అడుగుతోంది, ఇవ్వకపోతే సెటప్ ముందుకెళ్లట్లేదు, పైగా మైక్ లేని స్పీకర్ కూడా మన మాటలు వింటుందని ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా అని.

ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. కాయిల్‌కి కరెంట్ ఇస్తే కోన్ కదులుతుంది, కోన్‌ని సౌండ్ కదిలిస్తే కాయిల్‌లో కరెంట్ పుడుతుంది, పాత ఇంటర్‌కామ్‌లలో ఒకే స్పీకర్‌తో వినడమూ మాట్లాడడమూ ఇలాగే జరిగేది. 2016లో ఇజ్రాయెల్‌లో బెన్ గురియన్ యూనివర్సిటీ వాళ్లు కంప్యూటర్‌కి పెట్టిన హెడ్‌ఫోన్స్‌ని, సౌండ్ బయటికి పంపే ఆడియో జాక్‌ని సాఫ్ట్‌వేర్‌తో లోపలికి తీసుకునేలా మార్చేసి, మైక్‌గా వాడి చూపించారు. కానీ మీ సౌండ్‌బార్‌లో స్పీకర్‌కీ చిప్‌కీ మధ్య ఆంప్లిఫయర్ ఉంది, సిగ్నల్ అటు నుంచి ఇటు రాదు, దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. భయపడాల్సింది డబ్బాలో వాళ్లే పెట్టిన అసలు మైక్ గురించి. మ్యూట్ బటన్ మైక్‌కి కరెంట్ తీసేస్తుందా, లేక వినొద్దని సాఫ్ట్‌వేర్‌కి చెప్పి ఊరుకుంటుందా అన్నది డబ్బా మీద చాలామంది రాయరు.

కాంటాక్ట్స్ ఇవ్వకండి, పాట పాడటానికి మీ బావగారి నంబర్ దేనికి? లొకేషన్ పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ వెతకడానికి తప్పనిసరి, ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే పర్మిషన్ ఉంది, ఇంకా బ్లూటూత్ కోసమే లొకేషన్ కావాలంటే బద్ధకమో దురాశో. అన్నిటికన్నా పెద్ద బెడద వైఫై. పీజీలో నాలుగు ఫ్లోర్లకీ ఒకే పాస్‌వర్డ్, మీ స్పీకర్ అందరి ఫోన్లలో కనిపిస్తుంది, ఎవడైనా అర్ధరాత్రి పాట పెట్టొచ్చు, అది చిన్న చికాకు. తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన స్పీకర్ మాత్రం సెక్యూరిటీ కన్నాలతో సహా ఏళ్ల తరబడి మీ నెట్‌వర్క్‌లో కూర్చుంటుంది, లాప్‌టాప్ పక్కనే. బేస్ పోతుందని అప్‌డేట్ ఆపేయాలనుకునే వాళ్లకి ఇదే నా ఇబ్బంది: నెట్‌లో ఉంచితే అప్‌డేట్ చేయాల్సిందే, చేయకూడదనుకుంటే నెట్ నుంచి తీసేయండి. స్పీకర్ వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయేలా దాన్ని రీసెట్ చేసి ఆక్స్ వైరో ఆప్టికల్ వైరో పెట్టుకోండి. సొంత రూటర్ ఉంటే గెస్ట్ నెట్‌వర్క్‌లో పడేసి, యూపీఎన్‌పీ (పరికరాలు మిమ్మల్ని అడక్కుండానే రూటర్‌లో దారులు తెరుచుకునే సెట్టింగ్) ఆపేయండి. పిన్ అడక్కుండా ఎవరితోనైనా పెయిర్ అయిపోయే బ్లూటూత్ స్పీకర్ అయితే వాడనప్పుడు స్విచ్ తీసేయడమే.

మరి ఏం కొనాలి అని అడిగిన వాళ్లకి: ప్యాసివ్ (లోపల ఆంప్లిఫయర్ లేని) బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత, విడిగా చిన్న ఆంప్లిఫయర్. దానికి అకౌంట్ ఉండదు, యాప్ ఉండదు. సెకండ్ హ్యాండ్ అయితే కోన్ చుట్టూ ఉన్న అంచుని వేలితో మెల్లగా నొక్కి చూడండి, ఫోమ్ అంచు పాతబడితే పొడిపొడిగా రాలుతుంది, రబ్బరు ఎక్కువ కాలం ఆగుతుంది. స్మార్ట్ స్పీకరే సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే పాత ఓనర్ అకౌంట్ నుంచి తీసేశాడో లేదో మీ ముందే చేయించి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.