విడుదలయ్యాకే అసలు ఖర్చు

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఇద్దరు స్నేహితులతో కలిసి పదిమంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ గేమ్ తయారు చేస్తానంటున్నాడు. ఎంట్రీ ఫీజు వసూలు చేసి గెలిచినవారికి పంచితే మంచి కమీషన్ మిగులుతుందట. పెట్టుబడికి ఎకరం పొలం అమ్మమంటున్నాడు. అమ్మవచ్చునా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పొలం అమ్మవద్దు. ఎంట్రీ ఫీజు ఆలోచనను కూడా మానుకోమనండి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు కట్టి డబ్బు గెలుచుకునే ఆటలను, అవి నైపుణ్యంతో ఆడేవైనా సరే, నిషేధించింది. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇక మిగిలింది ఆటను అమ్ముకోవడం, లేదా ఉచితంగా ఇచ్చి అందులోని పాత్రలకు తొడిగే వేషాలను అమ్ముకోవడం. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 500 రూపాయలకు అమ్మితే 150 రూపాయలు స్టీమ్‌కే పోతాయి.

ఒంటరిగా ఆడే ఆటను పదిమందే కొన్నా ఆ పదిమందీ ఆడుకుంటారు. పలువురు కలిసి ఆడే మల్టీప్లేయర్ ఆటకు ఆ వెసులుబాటు లేదు: రాత్రి పదకొండింటికి లాబీలో, అంటే ఆట మొదలయ్యేదాకా ఆటగాళ్లు వేచి ఉండేచోట, ఇద్దరు చేరి, మూడోవారి కోసం ఐదు నిమిషాలు చూసి వెళ్లిపోయారంటే, మర్నాడు ఆ ఇద్దరూ రారు. సోనీ అంతటి సంస్థ 2024 ఆగస్టు 23న విడుదల చేసిన ‘కాంకార్డ్’ను, ఆడేవారు లేక సెప్టెంబరు 6నే నిలిపివేసి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చింది, అక్టోబరులో ఆ స్టూడియోనూ మూసేసింది. పోనీ జనం విరగబడితే నిశ్చింతా అంటే, అదే ఏడాది జనవరిలో వచ్చిన ‘పాల్‌వరల్డ్’కు సర్వర్ల (ఆటగాళ్లను కలిపి ఆటను నడిపే కంప్యూటర్ల) ఖర్చే నెలకు సుమారు 7 కోట్ల యెన్లు, అంటే దాదాపు నాలుగు కోట్ల రూపాయలు, అవుతోందని దాని అధిపతే వెల్లడించారు. ఆ ఆట కోటికి పైగా ప్రతులు అమ్ముడైంది కనుక తట్టుకుంది.

మీ అబ్బాయి చూపించదగిన ఉదాహరణ ‘అమాంగ్ అస్’. 2018లో ముగ్గురు మనుషుల జట్టు విడుదల చేసిన ఆ ఆటను రెండేళ్లపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020లో జనమంతా ఇళ్లలో ఉన్నప్పుడు స్ట్రీమర్లు (తమ ఆటను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపేవారు) ఆడి చూపడంతో ప్రపంచమంతా పాకింది. అది అదృష్టమే అయినా, అదృష్టం తలుపు తట్టేదాకా ఆ జట్టు నిలబడగలిగింది ఖర్చు చిన్నది కావడం వల్లనే అని నా అభిప్రాయం. ఎకరం అమ్మి జీతాలూ సర్వర్లూ పెట్టుకున్నవాడికి ఆ రెండేళ్ల ఓపిక ఎక్కడిది?

కాబట్టి ఉద్యోగం చేసుకుంటూనే, సాయంత్రాలు ఒక చిన్న నమూనా తయారు చేసి, యాభైమంది చేత ఆడించమనండి. ఎవరూ పిలవకుండానే మూడోరోజు ఎంతమంది తిరిగి వచ్చారో లెక్క చూసుకున్నాక, పొదుపు చేసిన సొమ్ములో సగం విడుదల తర్వాతి ఖర్చులకు అట్టేపెట్టి, మిగతా సగంతో పని మొదలుపెట్టవచ్చు. అయితే కొన్ని కంపెనీలు ఉద్యోగి ఖాళీ వేళల్లో రాసిన ప్రోగ్రాముపైన కూడా హక్కు తమదేనని నియామక పత్రంలో రాసుకుంటాయి. అది ముందే చదువుకోమనండి.